ఇసుక మేటల నుంచి కూల్చివేతల దాకా: 1900 నాటి నేల రక్షణ చట్టం చరిత్ర

2021 జూన్ 7న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఢిల్లీ సరిహద్దును ఆనుకుని, హర్యానాలోని ఫరీదాబాద్ పరిధిలో ఉన్న ఖోరీ గ్రామంలో అటవీ భూమిపై వెలసిన ఇళ్లన్నింటినీ ఆరు వారాల్లో తొలగించాలన్నది దాని సారాంశం. ఆ ఇళ్లు దాదాపు పదివేలు. కరోనా రెండో ఉద్ధృతి అప్పుడప్పుడే తగ్గుముఖం పడుతోంది. వానలు మొదలవుతున్నాయి. అక్కడ నివసించేవారిలో ఆరావళి రాతి క్వారీలలో పనికి వచ్చి దశాబ్దాల క్రితమే స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. ఢిల్లీ అద్దెలు భరించలేక, దళారులకు డబ్బు కట్టి, చేతికి వచ్చిన కాగితాన్నే పట్టాగా నమ్మి గూడు కట్టుకున్న వలస కార్మికులూ ఉన్నారు. కూల్చివేతలను ఆపాలని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల నిపుణులు కోరినా పని ఆగలేదు.

ఆ గుట్టలకు అటవీ భూమి అన్న హోదా ఎలా వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం 1927 నాటి భారత అటవీ చట్టంలో దొరకదు. అది 1900లో పంజాబ్ ప్రభుత్వం చేసిన భూ సంరక్షణ చట్టంలో ఉంది. ఆ చట్టం ఢిల్లీ శివార్ల కోసం పుట్టినది కాదు, అడవుల కోసమని చెప్పుకున్నదీ కాదు. వందల కిలోమీటర్ల ఉత్తరాన, శివాలిక్ కొండల కింద ఉన్న హోషియార్‌పూర్ జిల్లాలో రైతుల పొలాలను ఇసుక మింగేస్తుంటే దాన్ని ఆపడానికి పుట్టింది. కొండమీద మట్టిని కదిలించే పనులను అదుపు చేయడం దాని ఉద్దేశం. అలాంటి చట్టం నూటపాతికేళ్లలో ఇళ్ల కూల్చివేతకు ఆధారంగా మారిన తీరు ఈ దేశంలో నేలకూ రాజ్యానికీ మధ్య నడిచిన బంధాన్ని తెలియజేస్తుంది.

పొలాల మీదికి వచ్చిన వాగులు

పంజాబ్‌లో శివాలిక్ కొండల నుంచి దిగే వానాకాలపు వాగులను ‘చో’లు అంటారు. ఏడాదిలో ఎక్కువ కాలం అవి ఎండిన ఇసుక దారులు. వాన పడితే కొద్ది గంటల పాటు ఉరకలెత్తి పారతాయి, మళ్లీ ఎండిపోతాయి. శివాలిక్ కొండలు హిమాలయాలలో అన్నింటికంటే లేతవి. గట్టిపడని ఇసుకరాయి, బంకమన్ను, గులకరాళ్ల పొరలతో ఏర్పడినవి. వాటి పైన గడ్డి, పొదలు, చెట్లు ఉన్నంతకాలం వాన నీరు నెమ్మదిగా ఇంకి, నెమ్మదిగా దిగుతుంది. ఆ కప్పు పోతే ప్రతి వానా కొండ చర్మాన్ని ఒలిచి కిందికి తెస్తుంది. కొండ దిగి మైదానంలోకి రాగానే వాలు తగ్గి వాగు వేగం పడిపోతుంది. మోసుకొచ్చిన ఇసుకను అక్కడే వదులుతుంది. వాగు గర్భం పూడి మట్టం పెరిగితే, మరుసటి వానకు నీరు ఒడ్డు దాటి పొలాలలో కొత్త దారి వెతుక్కుంటుంది. ఆ దారి పొడవునా ఇసుక మేట వేస్తుంది.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 1852లో హోషియార్‌పూర్ జిల్లాలో చోల కింద ఉన్న భూమి సుమారు 48 వేల ఎకరాలు. శతాబ్దం ముగిసే నాటికి అది 94 వేల ఎకరాలు దాటింది. అంటే ఒక మనిషి జీవితకాలంలోపే రెట్టింపు. పంజాబ్‌లో మంచి సాగునేలలుగా పేరున్న ఊళ్లు కొన్ని ఇసుక దిబ్బల పాలయ్యాయి. అక్కడి రైతు శిస్తు కట్టలేకపోతే ఖజానాకూ నష్టమే.

కారణాలు వెతికిన అధికారులకు ముందుగా కనిపించినది మేక. కొండ ఊళ్లలో గుజ్జర్లు మేపే మేకల మందలు, వంటచెరకు కోసం కొట్టే కొమ్మలు, బొగ్గు కాల్చే బట్టీలు వారి నివేదికల్లో పదేపదే వస్తాయి. అవి అబద్ధం కాదు. కానీ కథ అక్కడ మొదలు కాలేదు. 1849లో పంజాబ్‌ను కంపెనీ కలుపుకున్న తరువాత జరిగిన భూమి సెటిల్‌మెంట్లలో శివాలిక్ కొండ బంజర్లను ఊళ్ల ఉమ్మడి ఆస్తిగా రాసిచ్చారు. పాత సంస్థానాధిపతుల కాలంలో వేట కోసమో మేత కోసమో కొన్ని కొండలపై ఉన్న ఆంక్షలు పోయాయి. శిస్తును నగదుగా, గడువుకు కట్టవలసి రావడంతో కొండ చెట్టు కూడా అమ్ముకునే సరుకైంది. కంటోన్మెంట్లు, పెరిగే పట్టణాలు, ఆ తరువాత రైళ్లు కలపకూ కట్టెలకూ బొగ్గుకూ గిరాకీ పెంచాయి. మేక కొండ ఎక్కకముందే మార్కెట్టూ శిస్తూ ఎక్కాయి. నివేదికల్లో మాత్రం నేరం మేకదే అయింది.

బేడెన్-పావెల్ వంటి అటవీ అధికారులు 1870ల నుంచే ఈ విపత్తు గురించి హెచ్చరిస్తూ వచ్చారు. చట్టం రావడానికి మరో పాతికేళ్లు పట్టింది. కొండలు ఊళ్ల సొంత ఆస్తి అయినందున వాటిని నేరుగా రిజర్వు అడవులుగా మార్చడం సాధ్యం కాలేదు. కొనాలంటే ఖర్చు. లాక్కుంటే ఊళ్లు తిరగబడతాయన్న భయం. అటవీ శాఖ కొండను మూసేయాలని అడిగేది, రెవెన్యూ శాఖ సాగుదారు నొచ్చుకుంటాడని వెనకాడేది. ఈ పెనుగులాట నుంచే 1900లో ‘పంజాబ్ భూ సంరక్షణ (చోల) చట్టం’ పుట్టింది.

భూమిని కాదు, పనిని అదుపు చేసిన చట్టం

ఆ చట్టం రూపకల్పనలో ఒక విశేషం ఉంది. అది భూమి యాజమాన్యాన్ని ముట్టుకోలేదు. భూమి మీద చేసే పనులను మాత్రమే పట్టుకుంది. ఒక ప్రాంతం కోతకు గురవుతోందని ప్రభుత్వం 3వ సెక్షన్ కింద ప్రకటిస్తుంది. ఆపైన 4వ సెక్షన్ కింద కొన్ని పనులను నియంత్రించవచ్చు, పరిమితం చేయవచ్చు, లేదా నిషేధించవచ్చు. అంతకుముందు సాగులో లేని భూమిని కొత్తగా దున్నడం, చదును చేయడం, రాయి తీయడం, సున్నం కాల్చడం, చెట్లు నరకడం, నిప్పు పెట్టడం, మేకలు గొర్రెలు మేపడం ఆ జాబితాలో ఉన్నాయి. 5వ సెక్షన్ మరింత కఠినమైనది. ప్రత్యేక పరిస్థితుల్లో అప్పటికే సాగులో ఉన్న భూమికీ ఆంక్షలు విస్తరించే వీలు కల్పించింది. వాగు గర్భాలను ప్రభుత్వ అధీనంలోకి తెచ్చుకునే సెక్షన్ ఒకటి, హక్కులు కోల్పోయినవారు పరిహారం కోరే ఏర్పాటు ఒకటి ఉన్నాయి. ఆంక్షలను ఉల్లంఘిస్తే నెల వరకు జైలు, వంద రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

4వ సెక్షన్‌లో మరో మాట ముఖ్యం. ఆంక్షలు ‘తాత్కాలికం’ అని చట్టమే చెప్పింది. కొండకు గాయం మానేదాకా కట్టు కట్టాలన్నదే దాని వెనుక ఉన్న భావన.

ఇందులోని మూలసూత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మట్టిని కదిలించేవాడు ఒకడు, దాని ఫలితం అనుభవించేవాడు మరొకడు. కొండ మీద ఉన్నవాడికి కొమ్మ నరికిన లాభం ఆ రోజే చేతికి వస్తుంది. నష్టం మాత్రం పది మైళ్ల దిగువన, రెండేళ్ల తరువాత, తనకు ముఖపరిచయం కూడా లేని రైతు పొలంలో మేట వేస్తుంది. బజారు ఈ లెక్కను సరిచేయదు, ఊరి కట్టుబాటుకు ఊరు దాటిన వాగు మీద పట్టు ఉండదు. కాబట్టి ఎగువన జరిగే పనికి దిగువవాడి తరఫున నిబంధన ఉండాలి. నేడు ప్రపంచంలో నేలకోత, పూడిక నియంత్రణకు ఉన్న స్థానిక నిబంధనలన్నింటి వెనుకా ఉన్నది ఇదే తర్కం.

అయితే అమలులో ఆ తర్కం సగమే మిగిలింది. నియంత్రించడం, పరిమితం చేయడం, నిషేధించడం అన్న మూడు మాటల్లో ప్రభుత్వ యంత్రాంగానికి సులభంగా తోచినది మూడోది. కొండను మూసి కాపలా పెట్టారు. మందను తోలుకొచ్చినవాడికీ, తలమీద గడ్డిమోపుతో దిగిన మహిళకూ జరిమానా పడింది. దిగువ రైతు పొలం బాగుపడటానికి అయ్యే ఖర్చును ఎగువన ఉన్న నిరుపేద భరించాడు. దిగువవాడు ఎగువవాడికి ఏమివ్వాలన్న ప్రశ్నను చట్టం అడగలేదు. అందుకే అనేక చోట్ల కాపలా ఉన్న పగలు కొండ మూసి ఉండేది, రాత్రి తెరుచుకునేది.

స్వాతంత్ర్యానికి ముందే కొందరు అధికారులకు ఈ లోపం తెలిసివచ్చింది. 1930లలో పంజాబ్ అటవీ శాఖలో పనిచేసిన ఆర్. మక్లాగన్ గోరీ వంటివారు మూసివేతతో సరిపోదని, గట్లు వేయడం, వాలుకు అడ్డంగా దున్నడం, వాగు మొదట్లోనే చిన్న కట్టలు కట్టడం అవసరమని వాదించారు. ఆ తరువాతి సవరణలతో చట్టంలోకి 5-ఏ సెక్షన్ వచ్చింది. నేలను చదును చేయడం, మెట్లుగా మలచడం, గట్లు, వాననీటి కాలువలు నిర్మించడం వంటి పనులు చేయమని భూమి యజమానిని ఆదేశించే అధికారం దీనితో ప్రభుత్వానికి దక్కింది. ‘చేయవద్దు’ అని మాత్రమే తెలిసిన చట్టం ‘ఇలా చేయి’ అనడం కూడా నేర్చుకుంది. సవరణల వల్లే మరో మార్పు జరిగింది. శివాలిక్ కొండలకు పరిమితమైన చట్టం, కోతకు గురయ్యే లేదా గురికాగల ఏ ప్రాంతానికైనా వర్తించేలా విస్తరించింది. 1966లో హర్యానా విడిపోయినప్పుడు ఈ చట్టాన్నీ వారసత్వంగా పొందింది. ఆరావళికి దారి అలా పడింది.

సుఖోమాజ్రీ చెప్పిన పాఠం

చట్టం వేయని ప్రశ్నను ఒక చిన్న ఊరు వేసింది. కొత్త రాజధాని చండీగఢ్ కోసం 1958లో సుఖ్నా చోకు అడ్డంగా ఆనకట్ట కట్టి సుఖ్నా సరస్సును సృష్టించారు. కొద్ది ఏళ్లకే అది పూడికతో నిండడం మొదలైంది. సరస్సు సామర్థ్యంలో పెద్ద భాగం మట్టి పాలైంది. ఏటా పూడిక తీయించడానికి డబ్బు పోశారు. పౌరులే పలుగూ పారా పట్టి శ్రమదానం చేశారు. పూడిక మాత్రం ఆగలేదు.

1970లలో చండీగఢ్‌లోని కేంద్ర నేల, నీటి సంరక్షణ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న పి.ఆర్. మిశ్రా ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తోందో వెదుకుతూ ఎగువకు వెళ్లారు. దారి సుఖోమాజ్రీ అనే శివాలిక్ పల్లె దగ్గర ఆగింది. వాన దయ మీద నడిచే చెలకలు, బోడి కొండలు, వాటి మీద మేకలు. మొదట్లో శాస్త్రవేత్తలు మొక్కలు నాటారు, కందకాలు తవ్వారు, కొండను వదిలిపెట్టమని అడిగారు. నగరవాసుల పడవ షికారు కోసం తమ మేకలను ఎందుకు అమ్ముకోవాలో ఊరివారికి అర్థం కాలేదు. ఆ తరువాత కట్టిన చిన్న మట్టికట్టలో నిలిచిన నీరు పొలాలకు అందినప్పుడు మాట మారింది. కట్ట పూడకుండా ఉండాలంటే కొండ పచ్చగా ఉండాలి, కొండ పచ్చగా ఉంటే తమకు రెండో పంట వస్తుంది. అప్పుడు ఊరే మేకలను కొండ ఎక్కనివ్వలేదు. ముళ్లకంచె అవసరం లేకపోయింది.

అక్కడ అసలు కీలకం నీటి పంపకం. భూమి ఉన్నవాడికే నీరు అంటే భూమి లేని కుటుంబం మేకలను ఎందుకు ఆపుకుంటుంది? అందుకని భూమి ఉన్నా లేకున్నా ప్రతి ఇంటికీ నీటిలో సమాన వాటా అన్నారు. భూమి లేనివారు తమ వాటాను ఇతరులకు ఇచ్చి ప్రతిఫలం పొందే వీలుంది. కొండ మీద పెరిగిన భాబర్ గడ్డి కాగితపు మిల్లులకు పోయి ఊరి సంఘానికి ఆదాయం తెచ్చింది. సరస్సులోకి ఆ దిక్కు నుంచి వచ్చే మట్టి బాగా తగ్గింది. చోల చట్టం శిక్షతో చేయలేకపోయిన పనిని సుఖోమాజ్రీ వాటాతో చేసింది.

సుఖోమాజ్రీ నమూనా అన్ని చోట్లా నిలబడిందనలేం. గడ్డి ఆదాయంలో అటవీ శాఖ వాటా ఎంత, ఊరి వాటా ఎంత అన్న తగవులు వచ్చాయి. నాయకత్వం మారిన చోట సంఘాలు నీరసించాయి. అయినా ఒక సంగతి రుజువైంది. నేలకోత నిబంధనకు కట్టుబడవలసినవారికి దాని ఫలంలో వాటా ఉంటే కాపలాదారు అవసరం తగ్గుతుంది.

ఆరావళికి వచ్చిన చట్టం

సుఖోమాజ్రీ పాఠం చట్టంలోకి ఎక్కలేదు. ఈలోగా చట్టం మరో దారి పట్టింది. 1980లో పార్లమెంటు చేసిన అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా అటవీ భూమిని మరో అవసరానికి మళ్లించకూడదు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, యాజమాన్యం ఎవరిదైనా నిఘంటువు అర్థంలో అడవి అనదగినదంతా ఆ చట్టం కిందికి వస్తుందని చెప్పింది. దానితో ఒక పాత నేల రక్షణ నోటిఫికేషన్‌కు కొత్త బలం వచ్చింది. ఫరీదాబాద్‌లోని అనంగ్‌పూర్ పరిసర గుట్టల మీద 1992 ఆగస్టు 18న హర్యానా జారీ చేసిన ఉత్తర్వు అలాంటిదే. భూమిని చదును చేయడం, రాయి తీయడం, చెట్లు నరకడం వంటి పనులను అది అడ్డుకుంది. అదే ప్రభుత్వంలోని పట్టణ ప్రణాళిక శాఖ మాత్రం అక్కడే ‘కాంత్ ఎన్‌క్లేవ్’ అనే కాలనీకి దారి ఇచ్చింది.

ఆ వైరుధ్యం 2018 సెప్టెంబరు 11న తేలింది. న్యాయమూర్తులు మదన్ బి. లోకూర్, దీపక్ గుప్తాల ధర్మాసనం కాంత్ ఎన్‌క్లేవ్ నిర్మాణాలు అక్రమమని తీర్పు చెప్పింది. కూల్చివేతకు గడువు పెట్టింది. కొనుగోలుదారులకు వడ్డీతో డబ్బు తిరిగి ఇవ్వాలని, ఆరావళి పునరుద్ధరణకు నిర్మాణ సంస్థ ఐదు కోట్ల రూపాయలు కట్టాలని ఆదేశించింది. ఆరు నెలలు గడవకముందే, 2019 ఫిబ్రవరి 27న హర్యానా శాసనసభ ఈ చట్టానికి సవరణ బిల్లును ఆమోదించింది. గత నోటిఫికేషన్ల పరిధి నుంచి పట్టణ ప్రణాళికల కిందికి వచ్చిన వేల ఎకరాలను తప్పించడం దాని సారం. మార్చి 1న సుప్రీంకోర్టు తీవ్రంగా స్పందించి, దాని ఆధారంగా ఏ చర్యా తీసుకోవద్దని ఆదేశించింది. చోల నుంచి పొలాలను కాపాడే చట్టాన్ని అప్పటికి ఇరుపక్షాలూ మరో దృష్టితోనే చూస్తున్నాయి. ప్రభుత్వానికి అది స్థిరాస్తి వ్యాపారానికి అడ్డుగోడ. పర్యావరణవాదులకు మిగిలిన ఏకైక కంచె.

కోర్టుల మాటా ఒకేలా సాగలేదు. 2014లో బి.ఎస్. సంధూ కేసులో, పంజాబ్‌లోని కరోరాన్ గ్రామ భూములకు సంబంధించి, ఈ చట్టం కింద నోటిఫై అయినంత మాత్రాన ఏ భూమీ అడవి కాబోదని సుప్రీంకోర్టు అన్నది. 2022 జూలై 21న నరీందర్ సింగ్ కేసులో న్యాయమూర్తి ఎ.ఎం. ఖన్విల్కర్ నేతృత్వంలోని ముగ్గురు సభ్యుల ధర్మాసనం దానికి హద్దు గీసింది. 3వ సెక్షన్ ప్రకటన ఒక్కటే భూమిని అడవిగా మార్చదు కాని, 4వ సెక్షన్ ప్రత్యేక ఉత్తర్వులు ఉన్న భూములకు అటవీ లక్షణాలన్నీ ఉంటాయని, కేంద్రం అనుమతి లేకుండా వాటిని మరో అవసరానికి వాడరాదని తీర్పు చెప్పింది. తాత్కాలిక కట్టుగా పుట్టినది ఈ విధంగా శాశ్వత హోదాగా మారింది.

ఫరీదాబాద్ గుట్టలకు ఈ తీర్పులు మేలు చేశాయి. ఢిల్లీ వైపు వీచే దుమ్ముకు ఆరావళి అడ్డు, కింద నగరాల భూగర్భ జలానికి ఆధారం. వాటిని ప్లాట్లుగా కోయడాన్ని ఆపిన ఏకైక ఆయుధం ఈ చట్టమే. కానీ ఆ ఆయుధం ఎవరి మీద ముందు పడిందో కూడా గమనించాలి. ఖోరీలోని పదివేల ఇళ్లకు ఇచ్చిన గడువు ఆరు వారాలు. అవే గుట్టల మీద ఉన్న ఫామ్‌హౌస్‌లకూ కల్యాణ మండపాలకూ నోటీసులు, పిటిషన్లు, వాయిదాలతో ఏళ్లు దొరికాయి. పునరావాసం కింద డబువా కాలనీలో ఫ్లాట్లు ఇస్తామన్నారు కాని, ఆదాయ పరిమితి, చిరునామా పత్రాలు చూపలేనివారికి అవీ అందలేదు. 1900లో మేకల కాపరి మోసిన బరువును 2021లో క్వారీ కూలీ కుటుంబం మోసింది.

మట్టి గురించి ఎవరూ అడగలేదు

ఈ చరిత్రలో పెద్ద నష్టం మరొకటి. చోల చట్టం అడిగిన ప్రశ్న మట్టి గురించి. ఈ గుట్టను కదిలిస్తే మట్టి ఎక్కడికి పోతుంది, ఎవరి మీద పడుతుంది అని. గత మూడు దశాబ్దాల వ్యాజ్యాలన్నీ అడిగిన ప్రశ్న వేరు. ఇది అడవా, కాదా అని. అడవి అని తేలితే ఏ పనీ కూడదు. కాదని తేలితే ఏ పనైనా కావచ్చు. రెంటికీ మధ్య ఉండవలసిన నిబంధన, అంటే అనుమతించిన పనిని మట్టి కొట్టుకుపోకుండా ఎలా చేయాలన్నది, మాయమైంది.

ఫలితం నగరాల అంచున ఏ వానాకాలంలోనైనా కనిపిస్తుంది. అనుమతులన్నీ ఉన్న వెంచర్ కోసం గుట్టను మే నెలలో తొలుస్తారు. గడ్డీ చెట్టూ లేని ఎర్రమట్టి కుప్పలు జూన్ దాకా అలాగే ఉంటాయి. తొలి వానకే ఆ మట్టి రోడ్డు దాటి, వరద కాలువలో చేరి, చెరువులో తేలుతుంది. కాలువ పూడినందుకు నీరు పల్లపు బస్తీలోకి వస్తుంది. తరువాత పురపాలక సంస్థ ప్రజల పన్నుతో పూడికతీత టెండర్లు పిలుస్తుంది. మట్టిని కదిలించినవాడి ఖాతాలో ఖర్చేమీ ఉండదు. హోషియార్‌పూర్ లెక్కే ఇది, వాగు స్థానంలో కాలువ వచ్చింది, అంతే.

నిబంధనలు అసలే లేవని కాదు. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మిత విస్తీర్ణం ఉన్న భవన ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి కావాలి, పైమట్టిని దాచి తిరిగి వాడాలన్న షరతులు ఆ అనుమతి పత్రాల్లో ఉంటాయి. హరిత భవన ధ్రువీకరణ కోరే బిల్డర్లకు మట్టికోత నియంత్రణ ఒక షరతు. కాని అది స్వచ్ఛందం. ఆ పరిమాణానికి లోపు ఉన్న వందల లేఅవుట్లు, రోడ్లు, గుట్ట కోతలు కలిసి మోసే మట్టికి జవాబుదారీ లేదు. తెలుగు రాష్ట్రాలకు 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. నీరు, భూమి, చెట్టు మూడూ దాని పేరులోనే ఉన్నాయి. బోరు తవ్వకానికో చెట్టు నరకడానికో అనుమతి అవసరమైనప్పుడే జనానికి ఆ పేరు వినిపిస్తుంది. మధ్యలో ఉన్న భూమి గురించి అడిగేవారు అరుదు.

ఇతర దేశాల అనుభవం ఇది అసాధ్యమైన పని కాదని చెబుతుంది. అమెరికాలో ఒక ఎకరం, ఆపైన నేలను కదిలించే నిర్మాణానికి వాననీటి అనుమతి తప్పనిసరి. అనేక కౌంటీలు, నగరాలు అంతకంటే చిన్న స్థలాలకూ సొంత నిబంధనలు పెట్టుకున్నాయి. పని మొదలుపెట్టేముందు మట్టి ఎటు పారుతుందో చూపే ప్రణాళిక ఇవ్వాలి. వాలు కింద బట్టతో అడ్డుకట్ట కట్టాలి, పూడిక నిలిచే గుంట తవ్వాలి, పని ఆగిన భాగాన్ని వెంటనే గడ్డితోనో పొట్టుతోనో కప్పాలి. వాన పడ్డాక తనిఖీ జరగాలి. అక్కడా ఉల్లంఘనలు ఉన్నాయి, సిబ్బంది కొరత ఉంది. కాని మట్టి స్థలం దాటితే బాధ్యత ఎవరిదన్న విషయంలో సందేహం లేదు.

ఆ తరహా నిబంధనకు భారతీయ మూలం వెతకడానికి దూరం పోనక్కరలేదు. గట్టు వేయి, వాననీటికి కాలువ తవ్వు, నేలను మెట్లుగా మలచు అని భూమి యజమానిని ఆదేశించే 5-ఏ సెక్షన్ స్వాతంత్ర్యానికి పూర్వమే పుస్తకంలోకి ఎక్కింది. హర్యానాలోనూ పంజాబ్‌లోనూ చట్టాన్ని మూసివేతకు వాడారు, ఆ తరువాత మూసివేతను ఎత్తివేయడానికి పోరాడారు. కొండను ఎలా వాడుకోవాలో చెప్పే భాగాన్ని రెండు వర్గాలూ పక్కన పెట్టాయి. మరోవైపు పంజాబ్ కండీ ప్రాంతంలో తరతరాలుగా సాగు చేసుకుంటున్న రైతులు తమ పొలాలను చట్టం పరిధి నుంచి తప్పించమని కోరుతూ వచ్చారు. వారి కోరికలో న్యాయం ఉంది. వారి పేరు చెప్పి గుట్టల మీద కాలనీలు వేయాలనుకునేవారూ ఉన్నారు. అడవి, అడవి కాదు అన్న రెండే గళ్లున్న చట్టం ఈ ఇద్దరినీ వేరు చేయలేదు. ఎవరు ఎంత మట్టిని కదిలిస్తున్నారు, దానికి ఏ జాగ్రత్త తీసుకుంటున్నారు అని అడిగే చట్టమైతే వేరు చేయగలదు.

2025 మధ్యలో అనంగ్‌పూర్ పరిసరాల్లో మళ్లీ కూల్చివేతలు మొదలైనప్పుడు గ్రామస్థులు వీధికెక్కారు. చట్టం పుట్టకముందు నుంచీ ఉన్న ఊరికీ, నిన్న మొన్న వెలసిన విలాస భవనానికీ ఒకే నోటీసా అన్నది వారి ప్రశ్న. దానికి కోర్టు గదిలో దొరికే జవాబు తేదీల మీద, పత్రాల మీద ఆధారపడుతుంది. నేల రక్షణ కోసం చేసిన చట్టం ఇచ్చే జవాబు మాత్రం నేలను చూసి రావాలి. హోషియార్‌పూర్ రైతు 1900లో ప్రభుత్వాన్ని అడిగింది ఎగువ ఊళ్లను ఖాళీ చేయించమని కాదు, తన పొలంలోకి ఇసుక రాకుండా చూడమని. ఆ అభ్యర్థన నూటపాతికేళ్లుగా ఫైలులో ఉంది. దాన్ని తీర్చగల నిబంధనలు రాయవలసింది రాష్ట్రాలు, అమలు చేయవలసింది పంచాయతీలు, పురపాలక సంస్థలు. అవి రాసేటప్పుడు కొండ మీది మనిషిని ముద్దాయిగా కాక వాటాదారుగా పిలవడం సుఖోమాజ్రీ నేర్పిన పద్ధతి.